హాజరు పుస్తకంలో సాయిబు

కాగితం పోస్టులో రాలేదు. 2011 జూలైలో ఒక శుక్రవారం, జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే, మా జమాత్ పెద్దాయన భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళాడు. లాల్చీ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చాడు. ఇంగ్లీషులో రెండు పేజీలు. చివర నా సంతకం కోసం చుక్కల గీత.

“మిల్లు ఆఫీసరు నాతో మాటాడినాడు బేటా. మనోళ్ళు ఏడుగురున్నారు కదా, మీరు ముందు సంతకాలు పెట్టీస్తే మిగతావోళ్ళూ పెడతారంట. మనకి మంచి పేరొస్తాదంట” అన్నాడు.

మంచి పేరు. ఆ మాట నాకు చాలాసేపు చెవిలో మోగింది. ఇరవై మూడేళ్ళు ఆ మిల్లులో పనిచేశాను. అందులో తొమ్మిదేళ్ళు నాకు పేరే లేదు. ఆ సంగతే చెప్పాలి.

విజయనగరం జిల్లాలో ఒక జనపనార మిల్లు అది. ఏ మిల్లో రాయను. మా జిల్లాలో ఇవి కొన్ని ఉన్నాయి, అన్నింటి కథా ఇంచుమించు ఒకటే. శ్రీకాకుళం, విజయనగరం రైతులు గోగు వేసేవాళ్ళు, చెరువుల్లో ఊరబెట్టి నార తీసేవాళ్ళు, ఆ నార మిల్లుకొచ్చేది. చాలనిది బెంగాలు నుంచి వచ్చేది. మేం సంచులు నేసేవాళ్ళం. తర్వాత ప్లాస్టిక్ సంచి వచ్చింది. ధాన్యానికీ పంచదారకీ గోనెసంచులే వాడాలని 1987లో చట్టం చేసినా, ఏటేటా ఆ చట్టంలో సడలింపులు ఇస్తూనే వచ్చారు. గోగు వేసే రైతు మొక్కజొన్నకి మళ్ళాడు. మిల్లు ఏడాదికి ఒకసారైనా లాకౌట్ పెట్టేది. 2011 మార్చిలో వేసిన తాళం మాత్రం మళ్ళీ తియ్యలేదు.

మా నాయన శ్రీకాకుళం నుంచి వచ్చినవాడు. చికాకోల్ అంటే ఫౌజుదార్ల ఊరు కదా, గోల్కొండ కాలం నాటి జామియా మసీదు ఉంది కదా, మీరంతా నవాబుల వారసులు కదా అని కాలేజీ చదివిన వాళ్ళు ఇప్పటికీ నాతో సరదాగా అంటుంటారు. మా నాయన వీధివీధీ తిరిగి ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాడు. కొలిమీ, తిత్తీ, నవాసాగరం, తగరం ముక్క. అదీ మా నవాబీ. ఇళ్ళలోకి స్టీలు గిన్నెలు వచ్చాక కళాయి పిలుపులు ఆగిపోయాయి. అప్పుడు నన్ను పదో తరగతితో మాన్పించి, చెయ్యి పట్టుకుని మిల్లు గేటు దగ్గర నిలబెట్టాడు. స్టీలు గిన్నె మా నాయన పొట్ట కొట్టింది, ప్లాస్టిక్ సంచి నా పొట్ట కొట్టింది. రెండూ మా ఇంట్లో ఉన్నాయి, మేమూ వాడుకుంటున్నాం.

ఉత్తరాంధ్రలో మేం ఎంతమందిమో మీకు తెలుసా? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నూటికి ఒక్కరం కూడా లేం. హైదరాబాదు, కర్నూలు, గుంటూరు ముస్లిములు రాసింది చదివినప్పుడు నాకు అసూయగా ఉంటుంది. వాళ్ళకో వీధి ఉంది, ఒక వార్డు ఉంది. ఓట్లు లెక్కపెట్టేటప్పుడైనా వాళ్ళ ఊసు వస్తుంది. మేం ఎక్కడా ఒక గుంపుగా కనబడం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, అదీ ఇక్కడి తెలుగే. మా అమ్మ దువా చేసి లేస్తూ “ఓలమ్మా నడుం” అనేది. మిల్లులో పదకొండొందల మందిలో ఏడుగురం. ఇంత తక్కువ మంది ఉన్నప్పుడు ఒక చిత్రం జరుగుతుంది. నువ్వు ఏం చేసినా నువ్వొక్కడివే చేసినట్టు ఉండదు. అప్పలనాయుడు అప్పు ఎగ్గొడితే అప్పలనాయుడు ఎగ్గొట్టినట్టు. నేను ఎగ్గొడితే సాయిబులు ఎగ్గొట్టినట్టు.

కాబట్టి ఆ కాగితం మీద సంతకం పెడితే ఏమవుతుందో నాకు అక్కడే, మసీదు మెట్ల మీదే తెలిసిపోయింది. యూనియన్ టెంటులో “సాయిబులు అమ్ముడైపోనారు” అంటారు. పెట్టకపోతే మేనేజిమెంటు “తురకోళ్ళు మొండికేసినారు” అంటుంది. రెండు నోళ్ళలోనూ నేను లేను.

ఇంటికి తెచ్చి మా ఆవిడకి చూపించాను. ఆవిడకి ఇంగ్లీషు రాదు, చదివి చెప్పాను. అంతా విని పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే అడిగింది: “అయితే మిల్లు నీకు తలాక్ సెప్పీసినట్టే కదా. మరి మెహర్ ఎంతిత్తాదంట?”

తొంభై వేలు. అదీ మెహర్.

లెక్క చెబుతాను, ఇలాంటి కాగితం చేతికొచ్చిన వాళ్ళకి ఎవరికైనా పనికొస్తుంది. అప్పటికి నా రోజు కూలి, మూలవేతనం కరువుభత్యం కలిపి, రెండొందల రూపాయలు. గ్రాట్యుటీ చట్టం ప్రకారం ఏడాది సర్వీసుకి పదిహేను రోజుల కూలి, అంటే మూడు వేలు. వాళ్ళ లెక్కలో నా సర్వీసు 1997 జనవరి నుంచి మొదలవుతుంది. పద్నాలుగేళ్ళు. నలభై రెండు వేలు గ్రాట్యుటీ. దాని మీద ‘ఎక్స్‌గ్రేషియా’ పేరుతో నలభై ఎనిమిది వేలు. బదులుగా నేను ఒప్పుకోవాల్సింది: నాకు నేనుగా, ఎవరి బలవంతమూ లేకుండా ఉద్యోగం మానుకుంటున్నాను, నా సర్వీసు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా మాత్రమే, ఇంతటితో నాకు మిల్లు నుంచి రావలసింది ఏ రకంగానూ ఏమీ లేదు, ఇక ఏ ఆఫీసుకీ ఏ కోర్టుకీ వెళ్ళను.

నాకు నేనుగానట! తాళం వేసింది వాళ్ళు, మానుకుంటున్నది నేను.

దాని మర్మం యూనియన్ సెక్రటరీ చెప్పాడు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం అప్పటికి అమల్లో ఉంది. వందమందికి తక్కువ కాకుండా పనిచేసే ఫ్యాక్టరీ మూసెయ్యాలంటే తొంభై రోజుల ముందు ప్రభుత్వాన్ని అనుమతి అడగాలి. అనుమతిచ్చి మూసినా ఏడాదికి పదిహేను రోజుల సగటు వేతనం నష్టపరిహారం ఇవ్వాలి, గ్రాట్యుటీ కాకుండా. అనుమతి అడక్కుండా గేటుకి తాళమేసి, మనం ఆకలికి మెత్తబడ్డాక ఒక్కొక్కడి దగ్గరా ‘నేనే మానేశాను’ అని రాయించుకుంటే ఇక మూసివేత అనే మాటే ఉండదు. మూసివేత లేదు కాబట్టి అనుమతి అక్కర్లేదు. అంతా స్వచ్ఛందం! (ఆ చట్టం ఇప్పుడు లేదు. 2025 నవంబరు 21 నుంచి దాని బదులు కొత్త కోడ్ అమల్లోకి వచ్చింది. అందులో వంద కాస్తా మూడొందలయింది. మా మిల్లు అంతకన్నా పెద్దదే, మాకు తేడా పడేది కాదు. చిన్న మిల్లుల వాళ్ళ మాట వేరు.)

ఇందులో గ్రాట్యుటీ మాత్రం వాళ్ళు దయతలిచి ఇచ్చేది కాదు. దాన్ని ఏ ఒప్పందంతోనూ తగ్గించడానికి వీల్లేదని ఆ చట్టంలోనే రాసుంది. ఆ సంగతి పదకొండొందల మందిలో ఎంతమందికి తెలుసు? నాకూ ఆ రోజే తెలిసింది.

అయితే నన్ను కుదిపేసింది ఇవేవీ కాదు. ‘1997 జనవరి నుంచి’ అన్న ముక్క. నేను మిల్లులో అడుగుపెట్టింది 1988లో.

బదిలీ కార్మికుడంటే ఏమిటో బయటివాళ్ళకి తెలియదు. ఉద్యోగులకి ఊరు మారే బదిలీ కాదిది. పర్మినెంటు కార్మికుడు పనిలోకి రాని రోజు అతని బదులు చేసేవాడు. షిఫ్టు మొదలయ్యే ముందు గేటు దగ్గర గుంపుగా నిలబడాలి. మేస్త్రీ వచ్చి, ఎవరి టోకెను ఖాళీగా ఉందో చూసి, వేలు పెట్టి చూపిస్తాడు. నువ్వు, నువ్వు, నువ్వు. మిగిలినవాళ్ళు ఇంటికెళ్ళి తర్వాతి షిఫ్టుకి మళ్ళీ రావాలి. అలా తొమ్మిదేళ్ళు. బ్యాచింగులో నారకి నూనె పట్టించాను, స్పిన్నింగులో బాబిన్లు మార్చాను, దుమ్ములో దగ్గాను. ఒకరోజు అప్పారావు టోకెను, మర్నాడు సింహాచలం టోకెను.

మేస్త్రీ తన లెక్క కోసం లాంగు నోటు పుస్తకంలో హాజరు రాసుకునేవాడు. అందరి పేర్లూ ఉండేవి. అప్పట్లో స్పిన్నింగులో ముస్లిం బదిలీలం ముగ్గురం. పొడుగు సాయిబు, గెడ్డం సాయిబు, నేను కుర్ర సాయిబు. మా ముగ్గురికీ కలిపి మేస్త్రీ పుస్తకంలో ఒక్కటే గీత. ‘సాయిబు’. మొదటి షిఫ్టులో ఎవరొచ్చినా సాయిబు, రాత్రి షిఫ్టులో ఎవరొచ్చినా సాయిబు. డబ్బులు వారానికోసారి మా చేతిలో పోసేవాడు, మేం పంచుకునేవాళ్ళం. ఆ పంపకంలో ఒక్కరోజూ తేడా రాలేదు. అందుకే ఎవరమూ పట్టించుకోలేదు. పేరు దేనికి? పైసలొస్తున్నాయిగా. అలా అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను, మేస్త్రీ ఒక్కడిదే తప్పని ఎలా అంటాను?

బదిలీవాడు వరుసగా ఏడాది సర్వీసు నింపితే ఇక బదిలీవాడు కాడని ఆ చట్టమే చెప్పింది. ఏడాది నిండటమంటే పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచెయ్యడం. గ్రాట్యుటీకీ అదే కొలత. కనక నేను ఏ ఏడు 240 రోజులు చేశానో రుజువు చేస్తే ఆ ఏడు నా సర్వీసే. ఏడాదికి మూడు వేలు గ్రాట్యుటీ, మూడు వేలు పరిహారం, మొత్తం ఆరు వేలు. తొమ్మిదేళ్ళకి యాభై నాలుగు వేలు. మిల్లు పాత రిజిస్టర్లు చెదలు తినేశాయని చెప్పింది. ఇక మిగిలినవి మేస్త్రీ పుస్తకాలే.

మేస్త్రీ రిటైరై చాలా ఏళ్ళయింది. కళ్ళు సరిగా కనబడవు. గెడ్డం సాయిబూ నేనూ ఆయన ఇంటికి వెళ్ళాం. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగిచ్చాడు. సంగతి చెబితే కోడలి చేత అటక మీంచి మూట దింపించాడు. ఎర్ర దారంతో కట్టిన పుస్తకాలు, ఒక్కో ఏడాదికి రెండేసి. తెరిచి చూస్తే ఎక్కడ చూసినా అదే. సాయిబు, సాయిబు, సాయిబు.

“మా ముగ్గురి పేర్లూ ఎందుకు రాయలేదు మేస్త్రీ?” అని అడిగాను. నిష్ఠూరంగా అడగలేదు, నిజంగా తెలుసుకుందామనే.

ఆయన కాసేపు ఆలోచించాడు. “నోరు తిరగనేదు బావూ. రాయడానికీ పలకనేదు. సాయిబంటే సరిపోయీది. తప్పేటన్నా సేసినానా?” అన్నాడు.

ఏం చెప్పను? మూడొందల మంది పేర్లూ, వాళ్ళ ఇంటిపేర్లతో సహా నోటికొచ్చిన మనిషి. మాలో ఎవరికి జ్వరమొచ్చినా ఇంటికొచ్చి చూసిన మనిషి. పొడుగు సాయిబు 2004లో పోతే ఖబరస్తాన్ దాకా నడిచి వచ్చిన మనిషి. పేరు మాత్రం పలకలేదు ఆయనకి. ప్రేమ లేక కాదు. ఆ ప్రేమలో మా పేర్లకి చోటు అక్కర్లేకపోయింది. ఈ ముక్క ఎవరికైనా చెబితే అర్థం చేసుకుంటారో లేదో అని ఇన్నాళ్ళూ రాయలేదు.

పుస్తకాలు పట్టుకుని యూనియన్ టెంటుకెళ్ళాం. సెక్రటరీ మంచివాడే, చాకులాంటివాడు. లెక్క వేసి చూసి నవ్వాడు. సాయిబు గీతలో ఏడాదికి ఐదొందల నుంచి ఏడొందల దాకా హాజర్లున్నాయి. “మీరిద్దరూ ఉన్నారు. రెండు 240లు 480. ప్రతి ఏడూ నిండిపోతాది. ఇద్దరికీ తొమ్మిదేసి ఏళ్ళు రాసీండి. ఏ సాయిబు ఏ రోజు వొచ్చినాడో మిల్లోడు కూడా సెప్పలేడు.”

“మరి పొడుగు సాయిబు?” అన్నాను.

“సచ్చిపోనోడు వొచ్చి అడుగుతాడేటి?”

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. యాభై నాలుగు వేలు తక్కువ డబ్బు కాదు. కొడుకు పాలిటెక్నిక్ రెండో ఏడు. కిరాణా కొట్టులో ఆరునెలల బాకీ. మిల్లు మూతబడ్డాక నేను మార్కెట్టు యార్డులో చిరిగిన గోనెసంచులకి మాట్లు వేస్తున్నాను. ఒకప్పుడు నేసినవాడిని, ఇప్పుడు కుడుతున్నాను. సంచికి ఇంత అని. మిల్లుని మోసం చెయ్యడం పాపమా అనే ప్రశ్న నన్ను పెద్దగా బాధపెట్టలేదు, నిజం చెబుతున్నాను. మిల్లు మమ్మల్ని చేసిన మోసం ముందు అదెంత? అయితే ఇది మిల్లుని మోసం చెయ్యడం కాదు. ‘సాయిబు’ అనే ఒక్క మాటలో ముగ్గుర్ని కలిపి కుక్కేశారని కదా నా గోడు. ఇప్పుడు ఆ మాటని ఆసరా చేసుకుని నేనే ఒకణ్ణి చెరిపేస్తే?

మా ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు ట్రంకు పెట్టె అడుగునుంచి ఇ.ఎస్.ఐ. కార్డు తీసి ముందు పెట్టింది. 1991 నాటిది. మా కుటుంబం ఫోటో అంటించి ఉంది అందులో, పెద్దపిల్ల నెలల గుడ్డు. నా పేరు మొత్తం, తప్పుల్లేకుండా. ఒక నంబరు. డిస్పెన్సరీ చీటీలు కూడా దాచింది. పిల్లకి విరోచనాలైనప్పటివి, నాకు కామెర్లు వచ్చి నెలన్నర పడుకున్నప్పటివి. బదిలీవాడినైనా నా కూలిలోంచి చందా కోసుకున్నారు కాబట్టి ఆ కార్డిచ్చారు. చందా కోసేటప్పుడు మాత్రం మిల్లుకి నా పేరు తెలిసింది.

“నీకు కామెర్లొచ్చినప్పుడు నీ బదులు పని ఎవరు సేసినారు? వారం డబ్బులు తెచ్చి ఎవరిచ్చినారు?” అంది.

పొడుగు సాయిబు. నెలన్నరా నా వంతు రోజులు తనే చేసి, అందులో సగం తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టాడు. నేను మర్చిపోయాను. ఆవిడ మర్చిపోలేదు.

ఆగస్టు మొదట్లో రంజాను వచ్చింది. తరావీ అయ్యాక గెడ్డం సాయిబూ నేనూ పొడుగు సాయిబు ఇంటికెళ్ళేవాళ్ళం. ఆయన భార్యని మేం ఆపా అంటాం. చాప మీద పద్దెనిమిది పుస్తకాలూ పరిచి, ముగ్గురు సాయిబుల్నీ విడదీయడం మొదలుపెట్టాం. మీరు నవ్వుకోవచ్చు. ఇరవై ఏళ్ళ కిందట ఫలానా మంగళవారం రాత్రి షిఫ్టుకి వెళ్ళిందెవరు? ఎలా తెలుస్తుంది? కానీ తెలిసింది. మనుషులకి రోజులు తేదీలతో గుర్తుండవు, వేరేవాటితో గుర్తుంటాయి. పైడితల్లి సిరిమాను రోజు ఎప్పుడూ బదిలీలకి పని దొరికేది, సగం మిల్లు ఊళ్ళోకి పోయేది కాబట్టి. ఆ రోజు ముగ్గురం మూడు షిఫ్టులు చేసేవాళ్ళం. బాబామెట్ట ఉరుసు రోజుల్లో పొడుగు సాయిబు పనికి రాడు, అక్కడే ఉంటాడు. కనక ఆ రోజులు మా ఇద్దరివి. ఆపా కాన్పులు, మా అమ్మ పోయిన నెల, గెడ్డం సాయిబు బొంబాయి వెళ్ళి ఏడు నెలలకి తిరిగొచ్చిన ఏడాది. 1994 జనవరి 29న నెల్లిమర్లలో జూట్ కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ఐదుగురు చనిపోయారు. ఆ వార్త మిల్లులోకి మోసుకొచ్చింది పొడుగు సాయిబే, రెండో షిఫ్టుకి వచ్చి. ఆ రోజు ఆయనది. అలా ఒక్కో గీత పక్కనా పెన్సిలుతో పొ, గె, కు అని రాసుకుంటూ పోయాం.

1992 డిసెంబరు దగ్గర ఆగాం. ఏడో తేదీ నుంచి పన్నెండు దాకా సాయిబు గీత ఖాళీ. మూడు షిఫ్టులూ ఖాళీ. అంతకు ముందూ ఆ తర్వాతా అంత ఖాళీ ఏ పుస్తకంలోనూ లేదు. గెడ్డం సాయిబు వేలు అక్కడ పెట్టి, “ఇది ముగ్గురిదీ” అన్నాడు.

బాబ్రీ మసీదు కూల్చిన మర్నాడు మేం గేటు దగ్గరికి వెళ్ళాం. మా ఊళ్ళో ఏ గొడవా లేదు. ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మేస్త్రీ మా దగ్గరికొచ్చి మెల్లగా, “ఈ వారం రాకండి బావూ, మీ మంచికే” అన్నాడు. మా మంచికే. ఆరు రోజులు కూలి లేదు. ఆ ఆరు రోజులు ఉన్నా ఆ ఏడు నాకు 240 నిండేది కాదు, అది వేరే సంగతి. మాకేమీ జరగలేదనే ఇన్నాళ్ళూ అందరికీ చెబుతూ వచ్చాను. నిజమే, ఏమీ జరగలేదు. పుస్తకంలో ఆరు గళ్ళు ఖాళీగా ఉన్నాయి, అంతే.

రంజాను నెలాఖరుకి లెక్క తేలింది. చట్టం కొలత ఎంత కఠినమో అప్పుడు తెలిసింది. కొన్నేళ్ళలో ముగ్గురం సమానంగా పంచుకున్నాం. ఒక్కొక్కరికి రెండొందల చిల్లర. అంటే ఆ ఏడు ఎవరికీ నిండలేదు. మేం ఒకరి నోట్లో ముద్ద ఒకరం లాక్కోకుండా బతికిన ఏళ్ళే లెక్కలోకి రాకుండా పోయాయి. ఒకడికి జబ్బు చేసో, ఊరెళ్ళో మానేసిన ఏళ్ళలో మాత్రం మిగతా ఇద్దరికీ నిండింది. చివరికి నాకు ఐదేళ్ళు, గెడ్డం సాయిబుకి నాలుగు, పొడుగు సాయిబుకి మూడు. నా యాభై నాలుగు వేలు ముప్పై వేలయింది. సెక్రటరీకి చూపిస్తే తల కొట్టుకున్నాడు. తర్వాత ఆయనే ముగ్గురి పేర్లతో మూడు అర్జీలు రాసిపెట్టాడు, ఆపాది గ్రాట్యుటీకి మాత్రం.

జమాత్ పెద్దాయనకి జవాబు చెప్పాలి కదా. పండగ నమాజు అయ్యాక ఆలింగనం చేసుకుని చెప్పాను: “చాచా, మేం ఏడుగురం కాదు. ఒక్కొక్కరం. ఎవరి సంతకం వాళ్ళది. ఆఫీసరుని ఎవరితో వాళ్ళతో మాట్లాడుకోమనండి.” ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. చెడ్డవాడేం కాదు. మసీదుకి కాంపౌండు గోడ కావాలి, ఆఫీసరు ఇటుకలు ఇప్పిస్తానన్నాడట. ఆ తర్వాత ఆర్నెల్లు నాతో ముక్తసరిగానే ఉన్నాడు.

నేను మిల్లు ఆఫీసుకెళ్ళి, సంతకం పెడతాను గానీ దాని పైన ‘1988 నుంచి నా సర్వీసు విషయంలో నా హక్కు వదులుకోకుండా, అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాస్తానన్నాను. ఆఫీసరు కాగితం లాగేసుకున్నాడు. రాతలు రాస్తే చెక్కు లేదన్నాడు. సరే, చెక్కు లేదు.

ఏడుగురిలో నలుగురు ఆ నెలలోనే పెట్టేశారు. బయట మావాళ్ళు కానివాళ్ళు అప్పటికే మూడొందల మంది పెట్టారు. కాబట్టి “సాయిబులు ముందు పెట్టారు” అనే మాట పుట్టలేదు. అదొక్కటీ నయం. గెడ్డం సాయిబు మరో నాలుగు నెలలు నాతో లేబరాఫీసు చుట్టూ తిరిగాడు. అంతలో ఆయన భార్యకి పక్షవాతం వచ్చింది. విశాఖ తీసుకెళ్ళాలి. ఒకరోజు పొద్దున్నే మా ఇంటికొచ్చి, కూర్చోకుండానే, “పెట్టీసినాను రా” అన్నాడు. ఆయన నాలుగేళ్ళూ పోయాయి. నేనుంటే ఏం చేసేవాణ్ణి? అదే చేసేవాణ్ణి. ఎప్పుడు కలిసినా నీ కేసు ఏమైందని అడుగుతాడు, నాకు చెప్పడానికి నోరు రాదు.

నా కేసు 2013 దాకా నడిచింది. వాయిదాలు, పుస్తకాల పరిశీలన, ఇ.ఎస్.ఐ. కార్డు, మేస్త్రీ సాక్ష్యం. ఆయన్ని ఆటోలో తీసుకెళ్ళాం. ఆఫీసరు ముందు, “ఈ గీత ఈలు ముగ్గురిదీ బాబూ, నానే రాసినాను, పేర్లు రాయకపోడం నాదే తప్పు” అని చెప్పాడు. ఒక ఏడాది పుస్తకం సగం వానకి తడిసి మాసిపోయి ఉండటంతో ఆ ఏడు కొట్టేశారు. నాలుగేళ్ళకి ఒప్పందం కుదిరింది. తొంభై వేలూ, మీద ఇరవై నాలుగు వేలూ. ఈసారి కాగితంలో ‘నాకు నేనుగా’ అన్న మాట తీయించాను. తెలుగులో, నా పేరు మొత్తం, ఐదు ముక్కలూ రాసి సంతకం పెట్టాను. రెండేళ్ళు గోనెసంచులు కుట్టిన దానికి అది గెలుపో కాదో నేను చెప్పలేను. వడ్డీకి తెచ్చిన అప్పులు తీరేసరికి మిగిలింది తక్కువే.

ఆపాకి వచ్చింది ఇంకా తక్కువ. 2004 నాటి కూలి రోజుకి నూట ఇరవై. మూడేళ్ళకి ఐదు వేల నాలుగొందలు. ఆలస్యానికి ఏడాదికి నూటికి పది చొప్పున తొమ్మిదేళ్ళ వడ్డీ, నాలుగు వేల ఎనిమిది వందల అరవై. వడ్డీ మనకి హరాం కదా, ఆ ముక్క తీసుకోవచ్చా అని మా వీధిలో పెద్ద చర్చే జరిగింది. తలొకటి చెప్పారు. అసలు మిల్లు బాకీ ఉందన్న సంగతి గురించి ఇంత చర్చ జరగలేదు! ఆపా అందరి మాటా విని, “అది వడ్డీ కాదు, తొమ్మిదేళ్ళు నా డబ్బు ఆల్ల కాడ కూకున్న కూలి” అని కొంగున కట్టుకుంది.

ఆ గురువారం బాబామెట్ట వెళ్ళి భర్త పేర ఫాతిహా ఇప్పించింది. వస్తూ దారిలో మేస్త్రీ ఇంటికి వెళ్ళి మలీదా ఇచ్చిందట. ఆయనకి అప్పటికి చూపు పూర్తిగా పోయింది. ఎవరూ అని అడిగితే, పొడుగు సాయిబు పెళ్ళాన్ని అంది. కాసేపు ఊరుకుని, “ఆయన అసలు పేరేటమ్మా?” అని అడిగాడట. చెప్పింది. మళ్ళీ ఓసారి చెప్పమన్నాడట.